గాజు సిరాబుడ్ల కాలనిర్ణయము

ఒక వ్రాతప్రతి కాలమును నిర్ణయింపవలసి వచ్చినపుడు లిపిని, కాగితమును, గద్యను, లేఖకుని పేరును పరిశీలించుట మన పరిశోధకులకు అలవాటైన పద్ధతి. ఆ పద్ధతికి కొన్ని నియమములు ఏర్పడియున్నవి. ఒక్క ఆధారమును పట్టుకొని తీర్పు చెప్పరాదనియు, ఒకదానిపై నొకటి ఆధారపడని సాక్ష్యములు కలిసినచోటనే కాలము నిలుచుననియు మనము విద్యార్థులకు బోధించుచున్నాము. కాని వ్రాతకు సాధనమైన సిరాబుడ్డి ఎదురైనపుడు ఈ నియమములను మఱచి, అమ్మినవాని మాటనో, ఇంటివారు చెప్పుకొను కథనో ప్రమాణముగా గ్రహించుట కద్దు. ఒకసారి జాబితాకెక్కిన పిమ్మట ఆ మాటను మరల పరీక్షించువారు అరుదు. ఆ తరువాతివారు జాబితానే సాక్ష్యముగా ఉదాహరింతురు.

గాజు సిరాబుడ్డి తన కాలమును కొంతవఱకు తానే చెప్పగలదు. అయితే అది చెప్పునది రూపముచేత కాదు. మాసిన వన్నెచేత కాదు. దానిని చేసిన పద్ధతి దానిపై విడిచిన జాడలచేత. ఆ జాడలును అన్నియు ఒకే బలము కలవి కావు. ఒక క్రొత్త పద్ధతి జాడ కనబడినచో ఆ వస్తువు అంతకు పూర్వపుది కాజాలదని నిశ్చయముగా చెప్పవచ్చును. పాత పద్ధతి జాడ కనబడినంతమాత్రమున వస్తువు పాతది యని చెప్ప వీలులేదు. ఈ భేదమును నిరూపించుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడిన విషయము. ఇందుకు 18వ శతాబ్ది చివరనుండి 20వ శతాబ్ది ప్రథమపాదము వఱకు ఇంగ్లండు, అమెరికా దేశములలో తయారైన గాజుబుడ్లను ఉదాహరణములుగా గ్రహించితిని. ఆ కాలమున అక్కడ గాజుపని పలుమాఱులు మార్పు చెందినది. ఆ మార్పుల సంవత్సరములు చాలవఱకు తెలిసియున్నవి.

ముందుగా మన దేశమునకు ఈ విషయముతో గల సంబంధమును చెప్పుట ఉచితము. తాటాకుపై గంటముతో వ్రాయువానికి సిరాబుడ్డితో పని లేదు. అక్షరములను ఆకుపై గీసి, పిదప మసిని పసరుతో కలిపి పూసి తుడిచినచో గీతలు నల్లగా తేలును. తాటాకును కాగితము తొలగించిన కొలదియు కలము, సిరా నిత్యావసరములైనవి. కలము అను మాట అరబ్బీనుండి వచ్చినది; సిరా అను మాటయు సంస్కృతము కాదు, అచ్చతెలుగును కాదు. సాధనముతోపాటు దాని పేరును వచ్చినదన్నమాట. దీపపుమసిని తుమ్మబంకతో నూఱిచేసిన దేశీయమైన సిరాకు మట్టిపాత్రయైనను, లోహపుపాత్రయైనను చాలును. గాజుబుడ్డి మన కచేరీలకును పాఠశాలలకును విరివిగా వచ్చినది ఆంగ్లేయుల పాలనలో, వారి సిరాతో పాటుగానే. కావున మన ప్రాంతమున దొరకిన పాత గాజుబుడ్డి జన్మస్థానమును విదేశీయ కర్మాగారములలో కూడ వెదకవలసి యుండును.

ఐరోపీయులు సిరాకు గాజును కోరుకొనుటకు రసాయనకారణము కలదు. వారి సిరాకు మూలద్రవ్యములు మాచికాయ, అన్నభేది, తుమ్మబంక. మాచికాయలోని వగరు పదార్థము అన్నభేదిలోని ఇనుముతో కలిసి, గాలి సోకినకొలది నల్లబడును. ఈ సిరాకు ఆమ్లగుణము కలదు. అది ఇనుమును, ఇత్తడిని తినివేయును, వెండిని మచ్చపఱచును. గాజును మాత్రము ఏమియు చేయజాలదు. అందుచేతనే ధనికులు వాడిన వెండి సిరాపీఠములలో కూడ సిరా నిలుచు పాత్ర గాజుదే. ఈ విషయము కాలనిర్ణయమున ఒక చిక్కును తెచ్చిపెట్టినది. పీఠము లోహముతో చేసినది; అది నిలుచును. లోపలి గాజు పగులును. దాని స్థానమున వేఱొకటి చేరును. ఒకే వస్తువుగా కనబడునది రెండు కాలములకు చెందినది కావచ్చును.

ఇక వర్గభేదము. వ్రాతబల్లపై నిలిచి కలమును ముంచుటకు ఉపయోగపడునది సిరాపాత్ర. అంగడిలో సిరాను నింపి అమ్ముటకు ఉపయోగపడునది సిరాబుడ్డి. మొదటిది ఇంటి అలంకారమునకు తగిన శ్రద్ధతో చేయబడును. రెండవది సిరాతోపాటు ఉచితముగా వచ్చునది, వాడి పాఱవేయదగినది. సిరాపాత్ర అడుగు బరువుగను, వెడల్పుగను ఉండును. సిరాబుడ్డికి బిరడా పట్టు మెడ ఉండును. చిన్నబుడ్లను నేరుగా బల్లమీదనే పెట్టుకొని వాడుటచేత ఈ రెండు వర్గములును కలిసిపోవుటయు కలదు. అయినను పరిశీలకుడు ముందు ఈ ప్రశ్నను వేసికొనవలెను. ఏలనన, బుడ్డిపై చెల్లు సూత్రము పాత్రపై చెల్లకపోవచ్చును. ఇందుకు నిదర్శనములు ముందు రాగలవు.

బుడ్ల సంఖ్య పెరిగిన కాలమును గూర్చి చరిత్ర స్పష్టముగానే యున్నది. ఇంగ్లండున 18వ శతాబ్ది నడుమనుండి గాజుపై తూకమునుబట్టి సుంకము వసూలు చేసిరి. ఆ సుంకము 1845వ సంవత్సరమున రద్దైనది. అంతవఱకు చౌకసిరాను కాల్చిన మట్టిబుడ్లలో అమ్ముటయే లాభకరము; ఆ తరువాత గాజు చౌకయైనది. దీనికి ముందే మఱి రెండు మార్పులు జరిగియున్నవి. 1820వ దశకమున బర్మింగ్‌హామున ఉక్కుపాళీలను యంత్రములతో అచ్చొత్తి చేయ మొదలిడిరి. 1840లో ఒక పెన్నీ తపాలా వచ్చి, ఉత్తరము వ్రాయుట సామాన్యునకును అందుబాటైనది. సిరా వర్తకమును ఈ కాలముననే పెద్దదైనది. లండనున స్టీఫెన్సు సిరా 1832లోను, న్యూయార్కున డేవిడ్సు సిరా 1825లోను, బోస్టనున కార్టర్సు సిరా 1858లోను ప్రారంభమైనవి. బుడ్డిపై ఇట్టి పేరు పోతపోసి యున్నచో ఆ సంస్థ పుట్టిన సంవత్సరము దానికి పూర్వావధి యగును. పూర్వావధి యనగా వస్తువు అంతకు ముందుది కాజాలని హద్దు. ఉత్తరావధి యనగా అంతకు తరువాతిది కాజాలని హద్దు. ఈ రెండు మాటలను ఇకముందు ఈ యర్థముననే వాడుదును.

పనివాని పద్ధతిని ఎఱిగినగాని జాడలు అర్థము కావు. కరగిన గాజును ఊదుగొట్టము కొనకు పట్టించి ఊదినచో అది ఉబ్బును. ఉబ్బిన గాజునకు ఆకారము వచ్చిన పిమ్మట మూతిని తీర్చవలెను. కాని మూతి ఊదుగొట్టమునకే అంటియున్నది. కావున అడుగున మఱియొక ఇనుపకడ్డీని కొద్దిగాజుతో అంటించి, ఊదుగొట్టమును విడగొట్టి, మూతిని మరల వేడిచేసి తీర్తురు. ఈ కడ్డీకి ఆంగ్లమున పాంటిల్ అని పేరు. పని ముగిసినపుడు కడ్డీని విఱిచివేయగా అడుగున గరుకైన మచ్చ మిగులును. కొందఱు గాజును పూయక, కాలిన కడ్డీనే నేరుగా అంటించిరి. అట్టిచోట ఎఱ్ఱగనో నల్లగనో ఇనుపపొర యొకటి కనబడును. అమెరికా బుడ్లపై ఈ ఇనుపమచ్చ 1840 నుండి 1860వ దశకము వఱకు ఎక్కువగా కానవచ్చును. 1850వ దశకమున అడుగును అంటకుండ బుడ్డి దేహమును పట్టుకొను పట్టకారు వంటి సాధనము వాడుకలోనికి వచ్చినది. దానితో సామాన్యపు బుడ్లపై మచ్చ క్రమముగా అంతరించినది.

ఇంతవఱకు విన్న పాఠకుడు మచ్చ కలది 1860కి ముందుది, మచ్చ లేనిది తరువాతిది అని సూత్రము కట్టుకొనవచ్చును. ఆ సూత్రము రెండువైపులను తప్పు. మేలైన సిరాపాత్రలకు మచ్చను సానపట్టి నున్నగా తీసివేయుట 19వ శతాబ్ది పొడవునను కలదు. కావున మచ్చ లేకపోవుట అర్వాచీనతకు గుర్తు కాదు. చేతితో గాజు నూదు కళాకారులు నేటికిని కడ్డీని వాడుచునే యున్నారు. కావున మచ్చ ఉండుట ప్రాచీనతకు గుర్తు కాదు. మన వాఙ్మయమున దీనికి సాటి యున్నది. ఒక పుస్తకమున అరసున్నలును బండిఱాలును ఉన్నవని దానిని 18వ శతాబ్దిదని ఎవ్వరును అనరు. 20వ శతాబ్దిలో అచ్చైన గ్రంథములందును అవి కలవు. పాత అలవాటు ఎప్పుడు చచ్చునో చెప్పుట కష్టము. క్రొత్త అలవాటు ఎప్పుడు పుట్టెనో చెప్పుట సాధ్యము. గాజువిషయమునను ఇంతియే.

అచ్చుల వాడుక ఇంకను స్పష్టమైన సాక్ష్యము నిచ్చును. లోహపు అచ్చులో ఊదిన గాజుపై, అచ్చు భాగములు కలిసినచోట సన్నని ఉబ్బుగీత ఏర్పడును. దీనిని అచ్చుగీత యందము. అమెరికాలో న్యూహాంప్‌షైరు రాష్ట్రమునందలి కీన్ పట్టణమునను, కనెక్టికట్ రాష్ట్రమునందలి కవెంట్రీలోను తయారైన సిరాపాత్రలు ఇందుకు మంచి ఉదాహరణములు. కవెంట్రీ కర్మాగారము 1813లోను, కీనునందలి మార్ల్‌బరో వీథి కర్మాగారము 1815లోను మొదలైనవి. ముదురు ఆకుపచ్చ లేక తేనెరంగు గాజును, మూడు భాగముల అచ్చులో ఊది, నిలువుగీతలు, అల్లికగీతలు తేలునట్లు చేసిరి. పైభాగము బల్లపరుపుగా నుండి నడుమ చిన్న రంధ్రము ఉండును. అడుగున కడ్డీమచ్చ ఉండును. ఇవి స్థూలముగా 1815-1835 మధ్యకాలమునకు చెందినవి. జార్జి మెకీరిన్, హెలెన్ మెకీరిన్ అను పరిశోధకులు 1941లో ప్రకటించిన అమెరికా గాజుల గ్రంథమున ఇట్టి అచ్చులను వరుససంఖ్యలతో వర్గీకరించిరి. ఇక్కడ కాలమును నిర్ణయించునది ఒక్క గుర్తు కాదు: రంగు, అచ్చు, మచ్చ, కర్మాగారపు చరిత్ర అను నాలుగును ఒకచోట కలియుట.

అచ్చుగీత ఎంత ఎత్తు వఱకు పోయినదని చూచుట పరిశీలకులలో వాడుకైన పరీక్ష. చేతితో ఊదిన బుడ్డికి దేహము మాత్రమే అచ్చులో తయారగును. మూతిని పనివాడు తరువాత తీర్చును. అందుచేత గీత మెడవద్దనో మూతిక్రిందనో ఆగిపోవును. యంత్రమున తయారైన బుడ్డికి మూతియు అచ్చులోనే ఏర్పడును. గీత మూతి అంచుపైకి కూడ పోవును. ఇంగ్లండున యార్క్‌షైరులో ఆష్లీ అను నతడు 1880వ దశకమున బుడ్డియంత్రమునకై ప్రయత్నించెను. పూర్తిగా తనంత తాను పనిచేయు యంత్రమును అమెరికాలోని టొలీడో నగరమున మైకేల్ ఓవెన్సు 1903లో సాధించెను. ఓవెన్సు యంత్రము కరగిన గాజును పీల్చి, కత్తితో తెగకోయుటచేత అడుగున వలయాకారమైన కోతమచ్చ ఏర్పడును. ఆ మచ్చ కలది 1903కు ముందుది కాజాలదు. ఇది మనకు లభించు పూర్వావధులలో మిక్కిలి గట్టిది.

ఈ పరీక్షకును మినహాయింపులు మూడు కలవు. మొదటిది, త్రిప్పుడు అచ్చు. అచ్చులోపల తడిపూత పూసి బుడ్డిని గుండ్రముగా త్రిప్పుచు ఊదినచో గీత చెఱగిపోవును. ఇట్టి బుడ్లు 19వ శతాబ్ది చివరి దశకములలో విస్తారముగా వచ్చినవి. గీత లేదు గనుక అచ్చుల కన్న ముందుదని వీనిని పాతవాటిలో చేర్చుట సులభమైన పొరపాటు. నిదానించి చూచినచో అడ్డముగా చుట్టిన సన్నని వలయరేఖలు త్రిప్పుటను తెలుపును. రెండవది, ఒత్తుగాజు. ఊదుటకు బదులు కరగిన గాజును అచ్చులో పోసి మీట యంత్రముతో ఒత్తుట అమెరికాలో 1820వ దశకముననే ఆరంభమైనది. ఒత్తిన సిరాపాత్రపై గీత అంచు వఱకు పోవచ్చును. దానిని చూచి ఓవెన్సు తరువాతిదనినచో ఎనుబది యేండ్ల తేడా వచ్చును. బుడ్డికి చెల్లినది పాత్రకు చెల్లదనుటకు ఇదియే నిదర్శనము. మూడవది, ఇంగ్లండు పెన్నీబుడ్లు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున పేదల కొఱకు చేసిన ఈ చిన్నబుడ్ల మూతిని తీర్చక, ఊదుగొట్టమునుండి విఱిచినది విఱిచినట్లే వదలిరి. ఆ గరుకుమూతి అతిప్రాచీనముగ కనబడును. నిజమునకు అది చౌకతనమునకు గుర్తు గాని, ప్రాచీనతకు గుర్తు కాదు.

రూపము సాక్షులలో బలహీనమైనది. ఎనిమిది పలకలతో గొడుగువలె పైకి సన్నగిలిన బుడ్లను గొడుగుబుడ్లందురు. అమెరికాలో 1840వ దశకమునుండి ఆ శతాబ్ది చివరి వఱకు అవి వాడుకలో నున్నవి. వానిలో అడుగుమచ్చ కలవి ముందటివి, లేనివి తరువాతివి యని మాత్రము సామాన్యముగా చెప్పవచ్చును. రూపము ఎట్లు మోసగించునో కార్టర్సు వారి పెద్దబుడ్డి చక్కగా చూపును. ఆఱు ముఖములపై క్రైస్తవదేవాలయపు కోసుకిటికీలు తేలియుండు నీలిబుడ్డి యది. ఆ కిటికీల తీరు చూచిన యెవరికైనను 19వ శతాబ్ది నడిమికాలము స్ఫురించును. కాని అది 1920వ దశకమున యంత్రములపై తయారైనది; అచ్చుగీత మూతి దాటి పోయియున్నది. వాస్తురీతి ఒక కాలమునకు, పనిరీతి మఱొక కాలమునకు చెందినపుడు పనిరీతినే నమ్మవలెను.

రంగును గూర్చి చెప్పవలసినది కొంత కలదు. ఇసుకలోని ఇనుముచేత గాజునకు పచ్చదనము వచ్చును. దానిని పోగొట్టుటకు మాంగనీసును కలిపిరి. అట్టి తెల్లగాజు యేండ్లతరబడి ఎండలో నున్నచో లేత ఊదారంగునకు తిరుగును. అమెరికా బుడ్లలో 1880 మొదలు మొదటి ప్రపంచయుద్ధము వఱకు ఈ వాడుక ఎక్కువ. అంతమాత్రమున ఊదారంగు కనబడగనే ఆ కాలమును నిర్ణయింపరాదు. మాంగనీసు అంతకుముందును వాడబడినది. పైగా రేడియోధార్మికకిరణములను ప్రసరింపజేసి పాతబుడ్లకు కృత్రిమముగా ముదురు ఊదారంగు తెప్పించుట నేటి వర్తకమున కలదు. ఎండకు వచ్చిన రంగు పలుచన. కృత్రిమముగా వచ్చినది తఱచుగా మిక్కిలి గాఢము. ఇక యురేనియము కలిసిన పసుపుపచ్చ గాజు 1830వ దశకమున బొహీమియాలో ప్రచారమునకు వచ్చినది. అది అతినీలలోహిత కిరణములలో ప్రకాశవంతమైన ఆకుపచ్చగా మెఱయును. ఆ మెఱుపు పూర్వావధినే యిచ్చును, ఉత్తరావధిని ఈయదు. మాంగనీసు గాజును మందముగా పచ్చకాంతి నీయగలదు గనుక మెఱుపు తీవ్రతను కూడ గమనింపవలెను.

ముద్రలు కలిగిన వస్తువు పరిశోధకునకు ఉత్సాహము కలిగించును. ఇంగ్లండు వెండిమూతలపై ఉండు ముద్రలలో సింహము వెండి స్వచ్ఛతను, లంగరు బర్మింగ్‌హామును, చిఱుతపులి తల లండనును, ఒక అక్షరము సంవత్సరమును తెలుపును. 1784 నుండి 1890 వఱకు సుంకము చెల్లించినందుకు గుర్తుగా రాజు లేక రాణి తలయు ఒత్తబడెను. వీనినుండి మూత తయారైన సంవత్సరమును ఖచ్చితముగా కనుగొనవచ్చును. కాని అది మూతకాలము మాత్రమే. మూతపట్టీ గాజునకు సరిగా కూర్చున్నదా, పట్టీక్రింద గాజును అందుకై అరగదీసిరా, రెండింటి అరుగుదల సమానముగా ఉన్నదా అను విషయములను చూచిన తరువాతనే ఆ సంవత్సరమును గాజునకు అన్వయింపవలెను.

ఇంగ్లండున 1842 నుండి 1883 వఱకు నమోదైన నమూనాలపై వజ్రాకృతి గల ముద్ర వేయబడెను. దాని తలపైని వలయమున మూడు అను రోమను అంకె యున్నచో అది గాజువస్తువు. కోణములలోని అక్షరములు, అంకెలు సంవత్సరమును, నెలను, దినమును తెలుపును. ఇందొక మెలిక కలదు. 1842-1867 మధ్య సంవత్సరాక్షరము పైకోణమున, 1868-1883 మధ్య కుడికోణమున ఉండును. ఎక్స్ అను అక్షరము 1842నకును, 1868నకును కూడ గుర్తే. స్థానమును చూడక అక్షరమును మాత్రము చదివినవానికి ఇరువది యాఱేండ్ల తేడా వచ్చును. 1884 నుండి వజ్రమునకు బదులు వరుససంఖ్యలు వచ్చినవి. ఈ ముద్ర తెలుపునది నమూనా నమోదైన దినమును గాని, ఆ పాత్ర తయారైన దినమును కాదు. ఒక నమూనాను పలుసంవత్సరములు పోతపోయవచ్చును గదా. ఇట్లే, విదేశీ వస్తువులపై దేశనామము ఉండవలెనని అమెరికా 1890లో శాసనము చేసి మఱుసటి యేట అమలుపఱచినది. ఇంగ్లండు అను పేరు మాత్రమే కల వస్తువులు చాలవఱకు ఆ తరువాతివి. ఆ పేరు లేనంతమాత్రమున వస్తువు 1891కి ముందుది కాదు. అమెరికాకు పోనిదానికి ఆ పేరుతో అవసరము లేదు.

వస్తువుపైననే సంవత్సరము కనబడినచో వాదమునకు తావు లేదని తోచును. ఈ నమ్మకమును పరీక్షించుటకు 1848 అను అంకెలు కల సిరాపాత్రలు ఉపకరించును. వానిలో పాత్ర అడుగునను బిరడా లోపలను రంగురంగుల గాజుకడ్డీల ముక్కలు పూలవలె పొదిగియుండును. ఆ పూలనడుమ 1848 అను అంకెలు కానవచ్చును. ఇట్టి పూలగాజు ఫ్రాన్సున 1845-1855 మధ్య బహుళప్రచారము పొందినది. బాకరా, సెంట్ లూయీ, క్లిషీ కర్మాగారములు అందు ప్రసిద్ధములు. కాలము సరిపోయినది గనుక, అంకెలున్న ఈ పాత్రలను లండనునందలి వైట్‌ఫ్రయర్స్ కర్మాగారము 1848లో చేసినవిగా సేకరణకర్తలు చిరకాలము నమ్మిరి. 20వ శతాబ్ది చివర పరిశోధకులు కడ్డీల పోలికను, గాజు తీరును, కర్మాగారముల చరిత్రను కలిపి చూచి, ఇట్టివానిలో పెక్కు 20వ శతాబ్ది పూర్వార్ధమున బర్మింగ్‌హామున తయారైనవని తేల్చిరి. గాజులోపల పొదిగిన అంకె చెరుపుటకు గాని చేర్చుటకు గాని వీలుకానిది. అయినను అది పాత్ర వయస్సును చెప్పలేదు.

వ్రాతప్రతుల గద్యలతో పనిచేసినవారికి ఇది వింత కాదు. లేఖకుడు తన మాతృకలోని గద్యను, తిథివారములతో సహా, ఉన్నదున్నట్లు ఎత్తివ్రాయుట కలదు. అట్టిచోట ఆ తిథి మాతృకది గాని చేతిలోనున్న ప్రతిది కాదు. కాగితమును, లిపిని చూచినగాని నిజము బయటపడదు. గాజు విషయమునను అంకెను సాక్షిగానే పిలువవలెను, న్యాయాధిపతిగా కూర్చుండబెట్టరాదు. లేఖకునకు మోసబుద్ధి లేనట్లే, అంకె పొదిగిన పనివానికిని ఉండకపోవచ్చును. పాత ఫ్యాషనును అనుకరించుట అతని వృత్తి. దానిని కాలనిర్ణయముగా చదివినది తరువాతివారు.

అరుగుదల, లోపలి మరక అను రెండింటిని గూర్చి సంగ్రహముగా చెప్పెదను. దీర్ఘకాలము వాడిన పాత్ర అడుగున, బల్లను తాకు అంచుపై మాత్రము, నానాదిక్కులకు పోవు సన్నని గీతలుండును. ఇసుకకాగితముతో కల్పించిన అరుగుదల ఒకే దిక్కుగా సాగును. తాకని చోటులందును కనబడును. లోపల గట్టిపడిన సిరా రసాయనపరీక్షకు పనికివచ్చును. అందు ఇనుము కనబడినచో మాచికాయ సిరా కావచ్చును. పెర్కిన్ 1856లో మొదటి కృత్రిమవర్ణమును కనిపెట్టెను గనుక, అట్టి రంగులు కల సిరా అంతకు ముందుది కాజాలదు. ఈ ఆధారము సిరాదే గాని పాత్రది కాదని మఱువరాదు. తాతగారి పాత్రలో మనుమడు సిరా పోయవచ్చును. మరకను కడిగి శుభ్రపఱచినవాడు ఈ సాక్ష్యమును శాశ్వతముగా పోగొట్టును. కావున పరీక్షకు ముందు పాత్రను కడుగరాదు.

ఈ సూత్రములను తెలుగు సాహిత్యచరిత్రకు సంబంధించిన ఒక ఊహపై ప్రయోగించి చూతము. సి.పి. బ్రౌను 1817లో మద్రాసు చేరి, 1820లో కడపకు వచ్చి, 1855లో భారతదేశమును విడిచెను. ఆయన కడపలో ఉపయోగించినదని చెప్పుచు ఒక గాజు సిరాపాత్రను ఎవరైనను మనముందుంచినచో ఏమి చేయవలెను? అడుగున ఓవెన్సు కోతమచ్చ యున్నచో విచారణ ముగిసినది. నమూనా వరుససంఖ్య యున్నచో అది 1884కు తరువాతిది, అప్పుడును ముగిసినది. వజ్రముద్ర యుండి సంవత్సరాక్షరము పైకోణమున ఉన్నచో ఆ అక్షరమును చదువవలెను; 1855 దాటనిచో సాధ్యతకు తావున్నది. ఈ గుర్తులేవియు లేక, సానపట్టిన అడుగుతో బరువైన సీసపుగాజుపాత్రయే యైనచో, బ్రౌను కాలమునకు అది తగును. తగినదనుటకును, ఆయనదే యనుటకును నడుమ చాలదూరము కలదు. ఆ దూరమును దాటించునది గాజు కాదు. ఆ వస్తువు ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చెనో తెలుపు పత్రము. సాధ్యము వేఱు, సిద్ధము వేఱు. గాజుపరీక్ష అసాధ్యమును త్రోసివేయును. సాధ్యమును సిద్ధము చేయజాలదు.

పై చర్చనుండి పరిశీలనాక్రమ మొకటి ఏర్పడుచున్నది. ముందుగా వస్తువు పాత్రయా, బుడ్డియా యని నిశ్చయింపవలెను. పిదప ఊదినదా, ఒత్తినదా, యంత్రమున చేసినదా యని అడుగును, గీతను, మూతిని కలిపి చూడవలెను. తరువాత పేర్లను, ముద్రలను చదివి, అవి గాజునకు చెందినవో మూతకు చెందినవో వేఱుచేయవలెను. రంగు, రూపము, అరుగుదల చివరకు రావలెను. ఇట్లు దొరకిన పూర్వావధులలో అన్నిటికన్న అర్వాచీనమైనదియే ఆ వస్తువునకు నిజమైన పూర్వావధి. తొమ్మిది గుర్తులు 1830ని చూపి, ఒక్కటి నిస్సందేహముగా 1903ని చూపినచో వస్తువు 1903 తరువాతిదే. ఇక్కడ లెక్క చూడవలసినది సాక్షుల సంఖ్యను కాదు. ఉత్తరావధిని మాత్రము కర్మాగారము మూతపడిన సంవత్సరము వంటి బాహ్యాధారములనుండి సాధింపవలెను. అవి దొరకనిచో కాలమును విశాలముగా వ్రాసి ఊరకుండుట మేలు.

వాటర్‌మన్ 1884లో హక్కుపత్రము పొందిన ఫౌంటెన్ పెన్నును, 1945లో న్యూయార్కు అంగళ్లకు వచ్చిన బాల్ పాయింట్ పెన్నును కలము ముంచు అలవాటును క్రమముగా అంతమొందించినవి. తెలుగుదేశమున 1932లో రాజమహేంద్రవరమున రత్నం పెన్నులు మొదలైనవి. సిరాపాత్ర వాడుకనుండి తొలగి సేకరణవస్తువైనది. వాడుకలో నున్న వస్తువునకు వయస్సుతో పని లేదు. సేకరణవస్తువునకు వయస్సే విలువ. అందుచేతనే దాని వయస్సును పెంచి చెప్పు కోరిక పుట్టినది. జాబితా వ్రాయు పరిశోధకుడు ఆ కోరికకు లోబడరాదు. ప్రతి వస్తువు నెదుటను కాలముతోపాటు, ఆ కాలమును ఏ గుర్తునుబట్టి నిర్ణయించెనో కూడ ఒక పంక్తిలో వ్రాసియుంచినచో, తరువాతివారు దానిని పరీక్షించి నిలుపుటకో సవరించుటకో వీలగును. కారణము వ్రాయని తేదీని ఉదాహరింపకుండుట మన విద్యార్థులకు నేర్పదగిన మొదటి నియమము.